యూనిట్ - 9 : సంరక్షణలో ఉన్న వ్యక్తి ఇంట్లో తుపాకీ - సంరక్షకుల బాధ్యతలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• తుపాకీ విషయంలో యాజమాన్యానికీ, స్వాధీనానికీ, లైసెన్సుకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• సంరక్షణలో ఉన్న వ్యక్తి ఇంట్లో తుపాకీ కనిపించినప్పుడు వెంటనే చేయవలసిన, చేయకూడని పనులను చెప్పగలుగుతారు.
• ఆయుధాల చట్టం, 1959 ప్రకారం డిపాజిట్ చేసే విధానాన్ని వివరించగలుగుతారు.
• మానసిక అనారోగ్యానికీ చట్టం చెప్పే మతిస్థిమితం లేకపోవడానికీ తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

సంరక్షకుల నియామకం ఎలా జరుగుతుందో గత యూనిట్‌లో చదివారు. నియామక ఉత్తర్వు చేతికి వచ్చాక సంరక్షకులు మొదట చేసే పని ఇల్లంతా ఒకసారి చూసుకోవడం. బ్యాంకు పుస్తకాలు, పట్టాదారు పాసుపుస్తకం, బీమా పత్రాలు, నగలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుకుతారు. ఆ వెతుకులాటలో ఒక్కోసారి అనుకోని వస్తువు బయటపడుతుంది.

కొన్నేళ్ల కిందట సంప్రదింపు తరగతి ముగిశాక ఒక విద్యార్థిని నా దగ్గర ఆగింది. ఆమె తండ్రి సైన్యం నుంచి విరమణ పొందాక ఒక బ్యాంకు దగ్గర సెక్యూరిటీ గార్డుగా పనిచేశారు. ఆ ఉద్యోగం కోసం రెండు గొట్టాల తుపాకీ కొనుక్కుని లైసెన్సు తీసుకున్నారు. డెబ్బై దాటాక మతిమరుపు మొదలైంది. రాత్రిళ్లు లేచి అల్లుణ్ణి చూసి దొంగ అని కేకలు వేసేవారు. చివరకు కూతురే ఆయనకు సంరక్షకురాలైంది. అటక దులుపుతుంటే దుప్పట్లో చుట్టిన తుపాకీ, ఒక డబ్బాలో తూటాలు కనిపించాయి. ఆమె వాటిని తన ఇంటికి తీసుకెళ్లి మంచం కింద పెట్టెలో దాచింది. మూడు నెలల తరువాత నన్ను అడిగిన మాట ఇది: "నాన్న చేతికి అందకుండా చేశాను కదా సార్, ఇంకేమైనా చేయాలా?"

ఆమె ఉద్దేశం మంచిదే. తండ్రినీ భర్తనూ కాపాడుకోవాలనుకుంది. కానీ ఆ లైసెన్సు గడువు ముగిసి అప్పటికే రెండేళ్లయింది. పైగా ఆ లైసెన్సు ఆమె పేరున లేదు. తుపాకీని ఇంటికి మోసుకెళ్లిన రోజునుంచి ఆమె తనకు తెలియకుండానే నేరానికి దగ్గరైంది. ఆమె అడిగిన ప్రశ్నకు పూర్తి సమాధానమే ఈ యూనిట్.

9.2 సంరక్షకుల అధికారం ఎంతవరకు?

మన దేశంలో సంరక్షకత్వం ఒకే చట్టం కింద ఉండదు. మైనర్లకు సంరక్షకులు మరియు మైనర్ల చట్టం, 1890, హిందూ మైనారిటీ మరియు సంరక్షకత్వ చట్టం, 1956 వర్తిస్తాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. వైకల్యం గల వ్యక్తుల హక్కుల చట్టం, 2016లోని 14వ సెక్షను పరిమిత సంరక్షకత్వాన్ని తెచ్చింది. కోమాలో ఉన్నవారి విషయంలో హైకోర్టులు రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద సంరక్షకులను నియమిస్తున్నాయి. కేరళ హైకోర్టు 2019లో ఇందుకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. మీ అధికారం మీ ఉత్తర్వులో రాసినంతవరకే. 2016 చట్టం ప్రకారం పరిమిత సంరక్షకత్వం అంటే సంరక్షకులూ ఆ వ్యక్తీ పరస్పర నమ్మకంతో కలిసి నిర్ణయం తీసుకోవడం. అది నిర్దిష్టమైన నిర్ణయానికీ నిర్దిష్టమైన కాలానికీ మాత్రమే వర్తిస్తుంది. ఉత్తర్వు బ్యాంకు ఖాతా గురించి మాత్రమే అయితే ఆయన తుపాకీని అమ్మే అధికారం మీకు రాదు. అయితే ప్రమాదాన్ని ఆపడానికీ, పోలీసులకు సమాచారం ఇవ్వడానికీ ఏ ఉత్తర్వూ అక్కరలేదు. అది ఏ పౌరుడైనా చేయగల పని.

9.3 యాజమాన్యం, స్వాధీనం, లైసెన్సు

బియ్యం బస్తా, బంగారు గొలుసు, పొలం వంటి ఆస్తులను సంరక్షకులు తమ అధీనంలోకి తీసుకోవచ్చు. తుపాకీ కూడా ఆస్తే. కానీ దానికి ఈ సూత్రం యథాతథంగా వర్తించదు. కారణం తెలియాలంటే మూడు భావనలను విడివిడిగా చూడాలి.

(అ) యాజమాన్యం: తుపాకీ ఎవరి సొమ్ము అన్నది యాజమాన్యం. సంరక్షకుల నియామకంతో అది మారదు. తుపాకీ ఇప్పటికీ సంరక్షణలో ఉన్న వ్యక్తిదే. ఆయన జీవించి ఉన్నారు కనుక వారసత్వం అన్న మాటే ఇంకా రాదు. కొడుకు సంరక్షకుడైనంత మాత్రాన "ఎలాగూ నాకే వస్తుంది" అనుకోవడం తప్పు.

(ఆ) స్వాధీనం: వస్తువు ఎవరి చేతిలో, ఎవరి అదుపులో ఉంది అన్నది స్వాధీనం. గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు 1972లో దీన్ని స్పష్టం చేసింది. ఆయుధాల చట్టం కింద స్వాధీనం అంటే ఎరుకతో కూడిన స్వాధీనం. తుపాకీ ఉందని తెలిసి ఉండాలి. చేతిలో లేకపోయినా దానిమీద అదుపు ఉండాలి. అటక మీద తుపాకీ ఉందని మీకు తెలియనంతకాలం అది మీ స్వాధీనంలో లేనట్లే. మీకు తెలిసి, ఆ గది తాళం మీ దగ్గర ఉన్న క్షణం నుంచి పరిస్థితి మారుతుంది. మీ బాధ్యత మొదలయ్యేది అక్కడే.

(ఇ) లైసెన్సు: ఇది వ్యక్తికి ఇచ్చే అనుమతి. ఆయుధాల చట్టం 3వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని గానీ తూటాలను గానీ సంపాదించకూడదు, ఉంచుకోకూడదు, మోసుకెళ్లకూడదు. తండ్రి లైసెన్సు కూతురికి వర్తించదు. సంరక్షక ఉత్తర్వు లైసెన్సుకు ప్రత్యామ్నాయం కాదు. లైసెన్సు ఉన్న వ్యక్తి రాతపూర్వక అనుమతితో మరమ్మతు కోసమో లైసెన్సు పునరుద్ధరణ కోసమో మరొకరు తుపాకీని తీసుకెళ్లవచ్చని అదే సెక్షను మినహాయింపు ఇస్తుంది. కానీ అర్థం చేసుకుని సంతకం చేయలేని స్థితిలో ఉన్న వ్యక్తి నుంచి అలాంటి అనుమతి ఎలా వస్తుంది? అందుకే సంరక్షకులు ఈ మినహాయింపు మీద ఆధారపడకూడదు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే అసలు సూత్రం తేలుతుంది. తుపాకీ విలువను కాపాడే బాధ్యత సంరక్షకులది. తుపాకీని తన దగ్గర ఉంచుకునే హక్కు మాత్రం సంరక్షకులకు లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. ఎరుకతో కూడిన స్వాధీనం అంటే ఏమిటి?
2. సంరక్షక ఉత్తర్వు ఉన్న వ్యక్తి లైసెన్సు లేకుండా తుపాకీని తన ఇంటికి తీసుకెళ్లవచ్చా?
(సమాధానాలను యూనిట్ చివర సరిచూసుకోండి.)

9.4 తుపాకీ కనిపించిన వెంటనే

చట్టం కన్నా ముందు ప్రాణం. తుపాకీ కనిపించగానే ఈ క్రమాన్ని పాటించండి.

1. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే భావించండి. పాతది, తుప్పు పట్టింది, ఎప్పుడూ వాడలేదు అన్న మాటలను నమ్మకండి. గొట్టం ముందు నుంచి మందు కూరే నాటు తుపాకులుంటాయి. వాటిలో మందు ఉందో లేదో పైకి చూస్తే తెలియదు.
2. తాకకండి. తూటా ఉందేమో చూద్దామని తెరవకండి. ట్రిగ్గర్ నొక్కి చూడకండి. గొట్టంలోకి తొంగిచూడకండి. తుడవకండి.
3. గదిలోని వారందరినీ, ముఖ్యంగా పిల్లలనూ సంరక్షణలో ఉన్న వ్యక్తినీ బయటకు పంపించండి. గదికి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.
4. కనిపించిన తేదీ, సమయం, చోటు, ఆ సమయంలో ఎవరెవరున్నారు అన్నవి కాగితం మీద రాసుకోండి. దూరం నుంచి ఫోటో తీయండి.
5. ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్లమని కోరండి. మీరే సంచిలో పెట్టుకుని బస్సులోనో బండిమీదో తీసుకెళ్లడం ప్రమాదం. మోసుకెళ్లడానికి కూడా లైసెన్సు కావాలని పై విభాగంలో చూశారు.

తుపాకీ అప్పటికే ఆ వ్యక్తి చేతిలో ఉంటే లాక్కునే ప్రయత్నం చేయకండి. వాదించకండి. ఇంట్లోవారిని తీసుకుని బయటకు వచ్చి 112కు ఫోన్ చేయండి. ఆయనకున్న అనారోగ్యం ఏమిటో, ఆయన ఏ పేరుతో పిలిస్తే పలుకుతారో, ఎవరి మాట వింటారో ఫోన్‌లోనే చెప్పండి. వచ్చే పోలీసులు ఆయనను నేరస్థుడిగా చూడకుండా ఉండటానికి ఆ సమాచారమే ఆధారం.

తుపాకీ ఆయన మంచం దగ్గరే ఉండి, దానిని అక్కడే వదిలితే ప్రమాదం తప్పదనిపించిన సందర్భం కూడా రావచ్చు. అప్పుడు ఆయననే వేరే గదికో బంధువుల ఇంటికో తీసుకెళ్లండి. తుపాకీని కదిలించడం కన్నా మనిషిని కదిలించడం సులువు, క్షేమం.

9.5 డిపాజిట్ చేసే విధానం

ఆయుధాల చట్టం 21వ సెక్షను ఈ అంశానికి గుండెకాయ వంటిది. లైసెన్సు గడువు ముగియడం వల్ల గానీ, నిలిపివేత లేదా రద్దు వల్ల గానీ, మరే కారణం చేతనైనా గానీ తుపాకీని ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసర జాప్యం లేకుండా దానిని సమీప పోలీస్ స్టేషన్ అధికారి వద్ద డిపాజిట్ చేయాలి. నిర్ణీత షరతులకు లోబడి లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు వద్ద కూడా డిపాజిట్ చేయవచ్చు. లైసెన్సు ఇంకా అమల్లో ఉన్నా, భద్రత కోసం డిపాజిట్ చేసే వీలును ఆయుధాల నిబంధనలు కల్పించాయి.

మన పల్లెల్లో ఇది కొత్త విషయం కాదు. ఎన్నికల సమయంలో లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో అప్పగించి, ఎన్నికలయ్యాక తిరిగి తెచ్చుకోవడం చాలా కుటుంబాలకు తెలిసినదే. డిపాజిట్ అంటే తుపాకీని ప్రభుత్వం లాగేసుకోవడం కాదు.

డిపాజిట్ సమయంలో మీరు ఇవ్వవలసినవి: ఒక దరఖాస్తు, సంరక్షక ఉత్తర్వు నకలు, దొరికితే లైసెన్సు పుస్తకం. దరఖాస్తులో తుపాకీ ఎవరిదో, మీకు ఎప్పుడు ఎలా కనిపించిందో, మీరు ఏ హోదాలో అప్పగిస్తున్నారో రాయాలి. మీరు తీసుకోవలసినది రసీదు. అందులో తుపాకీ రకం, దాని మీది నంబరు, తయారీ సంస్థ పేరు, తూటాల లెక్క, తేదీ, అధికారి సంతకం ఉన్నాయో లేదో అక్కడే చదివి చూసుకోండి.

తూటాలను మరవకండి. చట్టం దృష్టిలో అవి కూడా తుపాకీతో సమానంగా నియంత్రణలో ఉన్న వస్తువులే. తుపాకీ అప్పగించి, బీరువా సొరుగులో నాలుగు తూటాలు వదిలేస్తే పని సగమే అయినట్లు.

తరువాత లైసెన్సింగ్ అధికారికి కూడా విషయాన్ని రాతపూర్వకంగా తెలపండి. సాధారణంగా జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాదు వంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనరు ఈ అధికారి. ఆ ప్రతి మీద అందినట్లు ముద్ర వేయించుకుని దాచుకోండి.

9.6 ఎదురయ్యే సందర్భాలు

లైసెన్సు అమల్లో ఉన్న తుపాకీ: ఇక్కడ నేరం లేదు, ప్రమాదం మాత్రమే ఉంది. భద్రత కోసం డిపాజిట్ చేసి, లైసెన్సింగ్ అధికారికి తెలియజేస్తే చాలు.

గడువు ముగిసిన లైసెన్సు: నా విద్యార్థిని ఎదుర్కొన్న సమస్య ఇదే. 2019 సవరణతో లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. మతిమరుపు ఉన్న వ్యక్తికి గడువు తేదీ గుర్తుండదు. ఆలస్యం ఎందుకైందో వైద్య పత్రాలతో సహా దరఖాస్తులో రాయండి. మీకు తెలిసిన తరువాత మీరు చేసే ఆలస్యానికి మాత్రం అలాంటి కారణం ఉండదు.

లైసెన్సే లేని తుపాకీ: అడవి పందుల నుంచి పంటను కాపాడుకోవడానికో, వేట కోసమో ఎప్పుడో తెచ్చిపెట్టుకున్న నాటు తుపాకీ బయటపడవచ్చు. భయంతో దానిని బావిలో పడేయడం, పొలంలో పాతిపెట్టడం, తెలిసినవారికి ఇచ్చివేయడం చేయకండి. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. సాక్ష్యాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షను కింద మరో నేరం. ఆయుధాల చట్టం 36వ సెక్షను, ఈ చట్టం కింద నేరం జరిగిందని తెలిసినవారు, సహేతుక కారణం లేకపోతే, పోలీసులకో మేజిస్ట్రేటుకో తెలపాలని చెబుతుంది. 3వ సెక్షను ఉల్లంఘనపై కేసు నడపాలంటే 39వ సెక్షను ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. కనిపించిన రోజే తెలిపిన సంరక్షకుల నిజాయితీకి ఆ తేదీయే సాక్ష్యం. ఈ సందర్భంలో స్టేషన్‌కు తెలిపే రోజే న్యాయవాదిని కూడా సంప్రదించండి. స్త్రీలకూ వైకల్యం గలవారికీ ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

పురాతన ఆయుధం: తాతల నాటి తుపాకీ గోడకు వేలాడుతూ ఉండవచ్చు. మరమ్మతు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరాని పాతకాలపు ఆయుధాలకు చట్టం వర్తించదని 45వ సెక్షను చెబుతుంది. కానీ అది పనికిరానిదని నిర్ణయించేది మీరు కాదు. దాన్ని కూడా చూపించి, రాతపూర్వకంగా తేల్చుకోండి.

మైనరు సంరక్షణ: తండ్రి మరణించి, పిల్లవాడికి సంరక్షకులు ఏర్పడిన ఇళ్లలోనూ తుపాకీ మిగులుతుంది. మరణించిన వ్యక్తి లైసెన్సు పిల్లవాడికి సంక్రమించదు. 9వ సెక్షను ప్రకారం 21 ఏళ్లు నిండనివారు తుపాకీ కలిగి ఉండకూడదు. పద్దెనిమిదేళ్లకు మేజరు అయినా తుపాకీ విషయంలో ఇంకా మూడేళ్లు ఆగాలి.

9.7 మానసిక అనారోగ్యం, మతిస్థిమితం

ఈ విభాగాన్ని జాగ్రత్తగా చదవండి. పరీక్షలోనూ జీవితంలోనూ ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

ఆయుధాల చట్టం 14వ సెక్షను మతిస్థిమితం లేని వ్యక్తికి లైసెన్సు నిరాకరించాలని చెబుతుంది. 17వ సెక్షను అలాంటి వ్యక్తి లైసెన్సును నిలిపివేసే లేదా రద్దు చేసే అధికారాన్ని ఇస్తుంది. ఇది 1959 నాటి భాష. తరువాత భారతదేశం 2007లో వైకల్యం గల వ్యక్తుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 వచ్చింది. దాని 3వ సెక్షను ఒక ముఖ్యమైన మాట చెప్పింది: ఒకరికి మానసిక అనారోగ్యం ఉందని నిర్ధారించినంత మాత్రాన, సమర్థమైన కోర్టు ప్రకటించనిదే ఆ వ్యక్తిని మతిస్థిమితం లేనివారిగా భావించకూడదు.

అంటే నిరాశ, ఆందోళన వంటి వాటికి మందులు వాడుతున్న వ్యక్తి చట్టం దృష్టిలో మతిస్థిమితం కోల్పోయినవారు కారు. తుపాకీని వదిలించుకోవాలన్న తొందరలో దరఖాస్తులో "మా నాన్నకు పిచ్చి" అని రాస్తే ఆ కాగితం రేపు ఆయన పింఛను దగ్గర, పొలం దగ్గర, బ్యాంకు దగ్గర ఆయనకే అడ్డం రావచ్చు. వాస్తవాన్ని మాత్రమే రాయండి. ఏ వైద్యుడు ఏ అనారోగ్యం అని రాశారు, ఏ తేదీన ఏం జరిగింది, ఏ కోర్టు ఏ ఉత్తర్వు ఇచ్చింది అన్నవి చాలు. 17వ సెక్షను "ఏ కారణం చేతనైనా లైసెన్సుకు అనర్హులు" అన్న మాటను కూడా వాడింది. కాబట్టి మతిస్థిమితం ముద్ర వేయకుండానే అధికారి నిర్ణయం తీసుకోగలరు. ఆ నిర్ణయానికి కారణాలు రాతపూర్వకంగా ఉండాలి. దానిమీద 18వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు.

అలాగని ప్రమాదాన్ని చిన్నచూపు చూడకూడదు. మతిమరుపు వ్యాధిలో సొంతవారే పరాయివారిగా, దొంగలుగా కనిపించవచ్చు. తీవ్రమైన నిరాశలో ఉన్న వ్యక్తికి ఆ ఒక్క గంటలో తుపాకీ అందుబాటులో లేకపోవడమే ప్రాణం నిలబెట్టవచ్చు. తుపాకీని దూరం చేయడం వైద్యానికి తోడుగా నిలిచే పని. అది ఆ వ్యక్తికి వేసే శిక్ష కాదు, అలా కనిపించకూడదు కూడా. అర్థం చేసుకోగలిగినంతవరకు ఆయనకు చెప్పండి. ఆయన మాట వినండి. ఎక్కడ డిపాజిట్ చేయాలి, తరువాత ఏం చేయాలి అన్న విషయాల్లో ఆయన ఇష్టాన్ని అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
3. 21వ సెక్షను ప్రకారం తుపాకీని ఎక్కడ డిపాజిట్ చేయవచ్చు?
4. మానసిక అనారోగ్యానికి చికిత్స పొందుతున్న ప్రతి వ్యక్తీ మతిస్థిమితం లేనివారేనా?

9.8 డిపాజిట్ తరువాత

డిపాజిట్‌తో తుపాకీ కథ ముగియదు. డిపాజిట్ చేసినవారు నిర్ణీత గడువులోగా దానిని, అర్హత ఏర్పడితే తిరిగి పొందవచ్చు, లేదా అర్హత గల వ్యక్తికి అమ్మించవచ్చు. గడువు దాటితే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో అది ప్రభుత్వపరం అవుతుంది. అయితే ముందు నోటీసు ఇచ్చి, కారణం చూపడానికి 30 రోజులు ఇవ్వాలి. కాబట్టి గడువు ఏ తేదీతో ముగుస్తుందో డిపాజిట్ రోజే అడిగి రాసుకోండి.

అమ్మదలిస్తే ముందు మీ ఉత్తర్వు మళ్లీ చదవండి. ఆస్తి అమ్మే అధికారం లేకపోతే నియమించిన కోర్టు లేదా కమిటీ అనుమతి తీసుకోండి. వచ్చిన సొమ్ము సంరక్షణలో ఉన్న వ్యక్తి ఖాతాలోనే జమ కావాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నియమితులైనవారు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా సమర్పించాలి. తుపాకీ ఉన్నట్లయితే ఆ జాబితాలో రాసి, రసీదు నకలు జతచేయాలి. దాచిన తుపాకీ జాబితాకు ఎక్కదు. ఎక్కని వస్తువు మీద రేపు తోబుట్టువులే అనుమానపడతారు.

కుటుంబంలో ఒకరు తుపాకీని ఉంచుకోవాలనుకుంటే సొంతంగా లైసెన్సు పొందాలి. 70 ఏళ్లు నిండిన, లేదా 25 ఏళ్లుగా తుపాకీ కలిగి ఉన్న లైసెన్సుదారు తన వారసుల్లో ఒకరిని సూచిస్తే, వారికి లైసెన్సు ఇచ్చే వీలును ఆయుధాల నిబంధనలు, 2016 కల్పించాయి. కానీ ఆ సూచన లైసెన్సుదారుడే చేయాలి. ఆలోచన స్పష్టంగా ఉన్న రోజుల్లోనే చేయాలి. మీ ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దవారుంటే ఈ మాట ఇవాళే మాట్లాడండి.

9.9 సారాంశం

సంరక్షకులు ఆస్తిని కాపాడాలి, కానీ తుపాకీని దగ్గర ఉంచుకోకూడదు. యాజమాన్యం సంరక్షణలో ఉన్న వ్యక్తిది. లైసెన్సు ఆ వ్యక్తికి మాత్రమే చెందినది. తుపాకీ ఉందని తెలిసిన క్షణం నుంచి సంరక్షకుల బాధ్యత మొదలవుతుంది. తాకకుండా, తాళం వేసి, పోలీసులకు తెలిపి, డిపాజిట్ చేసి, రసీదు తీసుకోవాలి. అనారోగ్యం గురించి వాస్తవం రాయాలి, ముద్ర వేయకూడదు.

నా విద్యార్థిని ఆ సాయంత్రమే స్టేషన్‌కు ఫోన్ చేసింది. జరిగినదంతా రాసి, తండ్రి వైద్య పత్రాలు జతచేసి ఇచ్చింది. స్టేషన్ అధికారి ఆలస్యానికి మందలించి, తుపాకీ తీసుకుని రసీదు ఇచ్చారు. తండ్రి చాలాకాలం రోజూ తుపాకీ ఎక్కడని అడిగేవారట. ఆమె ఆ రసీదు చూపించి, "ఎన్నికలప్పుడు పెట్టినట్టే స్టేషన్‌లో పెట్టాం నాన్నా" అనేది. ఆయన ముద్ర చూసి, నంబరు చదువుకుని, కాగితం మడిచి తిరిగి ఇచ్చేవారు. కూతురి పేరు మరిచిపోయిన రోజుల్లో కూడా ఆ నంబరు ఆయనకు గుర్తుండేదని ఆమె చెప్పింది.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. తుపాకీ ఉందని తెలిసి ఉండటం, అది చేతిలో లేకపోయినా దానిమీద అదుపు ఉండటం.
2. తీసుకెళ్లకూడదు. సంరక్షక ఉత్తర్వు లైసెన్సుకు ప్రత్యామ్నాయం కాదు.
3. సమీప పోలీస్ స్టేషన్ అధికారి వద్ద, లేదా షరతులకు లోబడి లైసెన్సు ఉన్న డీలరు వద్ద.
4. కాదు. సమర్థమైన కోర్టు ప్రకటించనిదే అలా భావించకూడదని 2017 చట్టం చెబుతుంది.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సంరక్షణలో ఉన్న వ్యక్తి ఇంట్లో తుపాకీ కనిపించినప్పుడు సంరక్షకులు అనుసరించవలసిన విధానాన్ని వివరించండి.
2. ఆయుధాల చట్టం, 1959లోని మతిస్థిమితం అనే భావనను మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 వెలుగులో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. యాజమాన్యం, స్వాధీనం, లైసెన్సు - భేదాలు తెలపండి.
2. లైసెన్సు లేని తుపాకీ దొరికితే సంరక్షకులు చేయకూడని పనులు ఏవి? ఎందుకు?
3. డిపాజిట్ రసీదులో ఉండవలసిన వివరాలను పేర్కొనండి.